బాగ్‌మారీ తోట నుంచి కేంబ్రిడ్జికి

ఉత్తరాల్లో పందొమ్మిదో శతాబ్దం – 6

(గత భాగంలో: కలకత్తా రాంబగాన్‌లోని దత్ కుటుంబం 1862లో క్రైస్తవం పుచ్చుకుంది. 1865లో ఒక్కగానొక్క కొడుకు అబ్జు పద్నాలుగేళ్లకే కన్నుమూశాడు. 1869లో గోవిన్ చందర్ దత్ భార్యనూ ఇద్దరు కూతుళ్లు అరు, తోరులనూ వెంటబెట్టుకుని యూరప్ వెళ్లాడు.)

1873 సెప్టెంబరులో దత్ కుటుంబం కలకత్తా తిరిగొచ్చింది. చిన్నమ్మాయి తోరుకి అప్పటికి పదిహేడేళ్లు. ఈ నాలుగేళ్లలో ఆమె నీస్‌లో ఫ్రెంచి బడికి వెళ్లింది. లండన్‌లో సంగీతం నేర్చుకుంది. ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఓడిపోయిందని తెలిసి డైరీలో బాధపడింది. కేంబ్రిడ్జిలో ఆడవాళ్ల కోసం కొత్తగా మొదలైన ఉపన్యాసాలకు అక్కతో కలిసి వెళ్లింది. అక్కడే మేరీ మార్టిన్ అనే అమ్మాయితో స్నేహం కుదిరింది. మేరీ తండ్రి జాన్ మార్టిన్ మతాచార్యుడు, సిడ్నీ ససెక్స్ కాలేజీకి చెందినవాడు.

కలకత్తాలో మాత్రం తోరుకి రెండే లోకాలు. ఒకటి రాంబగాన్‌లోని సొంత ఇల్లు. రెండోది ఊరికి కొన్ని మైళ్ల దూరంలో బాగ్‌మారీ అనే తోట ఇల్లు. మూడో లోకం కాగితం మీద ఉండేది. అప్పటి నుంచి 1877 వేసవి దాకా మేరీకి ఆమె రాసిన ఉత్తరాలు యాభైకి పైగా మిగిలాయి. ఇరవై ఒక్క ఏళ్లకే చనిపోయిన ఈ అమ్మాయిని సాహిత్య చరిత్రలు కవయిత్రిగా గుర్తుపెట్టుకున్నాయి. మనం ఈసారి ఆమె పద్యాలను కాస్త పక్కన పెట్టి ఉత్తరాలు తిరగేద్దాం.

టపా దారి

ఈ స్నేహం ఓ ఇరవై ఏళ్లు ముందు పుట్టి ఉంటే ఇన్ని ఉత్తరాలు నడిచేవి కావేమో. 1869 నవంబరులో సూయజ్ కాలువ తెరిచారు. 1870లో బొంబాయి, కలకత్తాల మధ్య రైలు మార్గం కలిసింది. కలకత్తాలో టపాలో వేసిన కవరు రైల్లో బొంబాయి చేరుతుంది. అక్కడ పొగ ఓడ ఎక్కి ఎర్ర సముద్రం మీదుగా ఈజిప్టుకు, అక్కణ్ణుంచి ఇటలీలోని బ్రిండిసీ రేవుకు, మళ్లీ రైల్లో యూరప్ దాటి ఇంగ్లండుకు పోతుంది. మొత్తం మీద మూడు నాలుగు వారాల పని. ఆఫ్రికా కొన చుట్టి నెలల తరబడి సాగిన పాత ఓడ ప్రయాణాలతో పోలిస్తే ఇది మెరుపు వేగమే.

అంటే తోరు ఒక ప్రశ్న అడిగితే సుమారు రెండు నెలల్లో జవాబు చేతికొస్తుంది. ఈ లోపల ఇటు నుంచి ఇంకో రెండు మూడు ఉత్తరాలు బయల్దేరి ఉంటాయి. సంభాషణ ముందుకీ వెనక్కీ ఊగుతూ సాగుతుంది. అయినా తెగదు. మతం మారినందుకు హిందూ బంధువులకు కొంత దూరమైన కుటుంబం అది. రంగు వల్ల ఊళ్లోని తెల్లవాళ్లకూ దగ్గర కాలేకపోయింది. ఇంగ్లండులో ఇళ్లకు పిలిచి టీ ఇచ్చిన జాతివాళ్లే కలకత్తాలో అంటీముట్టనట్టు ఉండేవాళ్లు. రెండు సమాజాల మధ్య నిలబడిపోయిన ఆ అమ్మాయికి టపా బండి తెచ్చేదే సమాజం.

గోడల మధ్య రోజులు

మొదటి ఏడాది ఉత్తరాల మీద అక్క జబ్బు నీడ ఉంది. అరుకి క్షయ. 1874 జులై 23న, ఇరవయ్యేళ్ల వయసులో ఆమె పోయింది. ముగ్గురు పిల్లల్లో తోరు ఒక్కతే మిగిలింది. అక్కాచెల్లెళ్లు కలిసి ఒక నవల తలపెట్టారు. తోరు రాయాలి, అరు బొమ్మలు వెయ్యాలి. ఆ బొమ్మలు రానేలేదు.

ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న గోవిన్ చందర్ దత్ మూడో బిడ్డను చదువులో తోడు చేసుకున్నాడు. ఆయనా కవే. 1870లో లండన్‌లో అచ్చయిన దత్ కుటుంబ కవితా సంపుటంలో ఆయన పద్యాలున్నాయి. తండ్రీకూతుళ్లు కలిసి చదివేవాళ్లు. ఏదైనా పదం అర్థం మీద పేచీ వస్తే నిఘంటువు తెరవకముందే రూపాయి పందెం కట్టుకునేవాళ్లు. ఎక్కువసార్లు కూతురే గెలిచేదని తండ్రే తర్వాత రాసుకున్నాడు.

ఉత్తరాల్లో బాగ్‌మారీ నిండుగా కనిపిస్తుంది. మామిడి చెట్లు, కొబ్బరి చెట్లు, వెదురు పొదలు, తామరలున్న చెరువు. బండికి కట్టే రెండు గుర్రాలకు ఫ్రెంచి పేర్లు: జ్యూనెత్, జాంతీ. పిల్లుల ముచ్చట్లు వేరు. ఏ గుర్రం మొండికేసింది, ఏ పిల్లి ఎక్కడ దాక్కుంది, నిన్న రాత్రి గాలివాన ఎన్ని కొమ్మలు విరిచింది, ఈ వారం ఏ పుస్తకం వచ్చింది... కేంబ్రిడ్జిలో పరిచయమైన స్నేహితురాలికి ఇవన్నీ పూసగుచ్చినట్టు రాస్తుంది.

ఆ ముచ్చట్ల మధ్యనే ఆడపిల్ల బతుకు గురించి సూటి మాటలు దొర్లుతాయి. అమ్మమ్మ ఇంటికి వచ్చే ముసలమ్మలు ఈ పిల్లను చూడగానే అడిగే మొదటి ప్రశ్న పెళ్లయిందా అనే. కాలేదంటే నోళ్లు నొక్కుకుంటారు. ఇక్కడ ఆడదాని జన్మకు పెళ్లే పరమార్థం అనుకుంటారని తోరు మేరీకి నవ్వుతూనే రాస్తుంది. అదే కాలంలో, 1874లో, ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టాడు. ఆడపిల్లకు అక్షరాలెందుకని తెలుగునేల ఇంకా వాదించుకుంటున్న రోజుల్లో తోరు విక్టర్ హ్యూగోను ఫ్రెంచిలో చదువుతోంది. అయితే ఆ చదువు వీధిలో ఒంటరిగా నాలుగడుగులు వేసే స్వేచ్ఛ ఇవ్వలేదు. ఇంగ్లండు మీద ఆమెకున్న బెంగలో అసలు సంగతి ఇదే. ఆమె కోరుకున్నది అక్కడి మంచునూ భవనాలనూ కాదు. కాళ్లకు పని చెప్పగలిగిన స్వేచ్ఛ. కుటుంబం మళ్లీ యూరప్ వెళ్లి స్థిరపడాలనే ఆలోచన ఈ ఉత్తరాల్లో పదేపదే వస్తుంది, పదేపదే వాయిదా పడుతుంది.

నారింజ రంగు పుస్తకం

1874 డిసెంబరులో లాల్ బిహారీ డే నడిపే ‘బెంగాల్ మ్యాగజైన్’లో తోరు మొదటి వ్యాసం అచ్చయింది. ఫ్రెంచి కవి లకోంత్ ద లీల్ మీద. ఆ తర్వాత అనువాదాలు మొదలయ్యాయి. చనిపోయిన అక్క చేసినవి కొన్ని, తను చేసినవి బోలెడు కూర్చి 1876లో ‘ఎ షీఫ్ గ్లీన్డ్ ఇన్ ఫ్రెంచ్ ఫీల్డ్స్’ అనే సంపుటం తెచ్చింది. అచ్చు వేసింది భవానీపూర్‌లోని సాప్తాహిక్ సంబాద్ ప్రెస్. ముందుమాట లేదు. కాగితం నాసిరకం, అట్ట నారింజ రంగు. రాసినమ్మాయి ఎవరో, ఎంత వయసో ఆ పుస్తకం చూసినవాళ్లకు తెలిసే దారి లేదు.

ఆ ఏడాది ఆగస్టులో దాని ఒక ప్రతి లండన్‌లో ‘ఎగ్జామినర్’ పత్రిక ఆఫీసుకు చేరింది. సమీక్షకు తగ్గ పుస్తకమే రావడం లేదని ఎడిటర్ విలియం మింటో సణుక్కుంటున్న వేళ. అక్కడే ఉన్న యువ విమర్శకుడు ఎడ్మండ్ గాస్ చేతిలో ఆయన దాన్ని కుక్కాడు. పెద్ద ఆశేమీ లేకుండా తెరిచిన గాస్ చదవడం ఆపలేకపోయాడు. ఈ ఘట్టాన్ని ఆయన తర్వాత వివరంగా రాశాడు. ఆ వివరణతోనే తోరు ఇంగ్లీషు సాహిత్య ప్రపంచంలోకి అడుగుపెట్టింది. ఇందులో ఒక చిత్రం ఉంది. గాస్‌ను ముందుగా కట్టిపడేసిన హ్యూగో గీతం అనువాదం తోరుది కాదు, అక్క అరుది.

ఈ సమీక్షల సంగతులన్నీ తోరు మేరీతో పంచుకుంది. ఫ్రాన్స్‌లో ‘రెవ్యూ దె దూ మోంద్’ పత్రికలో ఆంద్రె తెరియే రాసిన సమీక్ష కూడా వచ్చింది. మెచ్చుకుంటే మురిసిపోయింది, తప్పులు పడితే తలకెత్తుకుంది. గాస్ తర్వాత రాసిన పరిచయంలో తోరు సుకుమారమైన, అల్పాయుష్షు పువ్వులా కనిపిస్తుంది. ఉత్తరాల్లోని అమ్మాయి అలా ఉండదు. హాస్యం తెలిసిన మనిషి, పంతం ఉన్న మనిషి. తన పుస్తకం గురించి ఎవరేమన్నారో కనుక్కోవాలని తహతహలాడే అచ్చమైన రచయిత.

కోర్టులూ తీర్పులూ

తోరు పద్యాల్లో దొరకనిది, ఉత్తరాల్లోనే దొరికేది మరొకటుంది: రాజకీయం. దినపత్రికలు శ్రద్ధగా చదివే ఇల్లు అది. ఫ్రెంచి శాసనసభలో హ్యూగో, తియేర్ చేసిన ప్రసంగాలను తోరు 1875లో బెంగాల్ మ్యాగజైన్ కోసం ఇంగ్లీషు చేసింది. ఆమె బంధువు రమేశ్ చందర్ దత్ అప్పటికే సివిల్ సర్వీసు ఉద్యోగి. బ్రిటిష్ పాలనలో భారతదేశ ఆర్థిక చరిత్ర రాసి, 1899లో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించింది ఆయనే.

1876లో దేశాన్ని కుదిపిన వ్యవహారం ఫుల్లర్ కేసు. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లీషు వకీలు, బండి తేవడం ఆలస్యం చేశాడని గుర్రపువాణ్ణి కొట్టాడు. అతను చనిపోయాడు. జాయింట్ మేజిస్ట్రేట్ లీడ్స్ వేసిన శిక్ష ముప్ఫై రూపాయల జరిమానా. వైస్రాయి లిట్టన్ ఆ మేజిస్ట్రేటును తప్పుపడుతూ ప్రకటన చేస్తే తెల్లవాళ్ల పత్రికలు వైస్రాయి మీదే విరుచుకుపడ్డాయి.

ఇటువంటి కేసులను తోరు మేరీకి ఒకటొకటిగా వివరించింది. నల్లవాడి ప్రాణానికి తెల్ల న్యాయమూర్తి దృష్టిలో ఉన్న విలువ ఎంతో చూడు అన్న ధోరణిలో ఆమె కోపం వ్యక్తమవుతుంది. అరుపులు ఉండవు. కేసు చెబుతుంది, తీర్పు చెబుతుంది, చివర్లో ఒక్క వాక్యం విసురుతుంది. చదివేది ఇంగ్లీషు మతాచార్యుడి కూతురని తెలిసే రాస్తుంది.

ఆ కూతురు కూడా ఊరికే చదివే మనిషి కాదు. తోరు తన వాళ్లను ‘నేటివ్స్’ అని రాయడం చూసి మేరీ అభ్యంతరం చెప్పింది. నువ్వన్నది నిజమే, ఇకపై అలా రాయనని తోరు ఒప్పుకుంది. సొంత జనాన్ని తెల్లవాళ్ల కళ్లతో చూసే అలవాటును ఒక తెల్లమ్మాయే ఎత్తిచూపడం ఈ స్నేహం ఎంత నిజాయితీగా నడిచిందో చెబుతుంది. ఫుల్లర్‌దీ మేరీదీ ఒకే జాతి. అయినా వాళ్లిద్దరి మధ్య ఉన్న తేడా గుర్తుపెట్టుకునే తోరు రాసింది.

సంస్కృత పాఠం

1875 చివర్లో తోరు తండ్రితో కలిసి సంస్కృతం మొదలుపెట్టింది. పాఠం చెప్పడానికి ఒక పండితుడు ఇంటికి వచ్చేవాడు. వ్యాకరణం కష్టంగా ఉందని మేరీకి మొరపెట్టుకుంది. అయినా వదల్లేదు. ఫ్రెంచి కవులను ఇంగ్లీషులోకి తెచ్చినట్టే సంస్కృత కథలనూ తేవాలన్నది ఆలోచన. ఏడాది తిరక్కముందే జబ్బు ముదిరి పాఠాలు ఆగిపోయాయి. ఆ కొద్దికాలంలోనే విష్ణుపురాణం నుంచి ధ్రువుడి కథ, జింకపిల్ల మీద మమకారం పెంచుకున్న రాజర్షి కథ పద్యాలుగా వచ్చాయి. మొదటిది 1876లో బెంగాల్ మ్యాగజైన్‌లో, రెండోది 1877లో కలకత్తా రివ్యూలో అచ్చయ్యాయి.

క్రైస్తవ కుటుంబం, ఇంగ్లీషు చదువు, ఫ్రెంచి మీద ప్రేమ. మరి ధ్రువుడు ఎలా వచ్చాడు? తల్లి క్షేత్రమణి పిల్లలకు పాత కథలు పాడి వినిపించేది. మతం మారినా ఆ పాటలు మారలేదు. చీకటి గదిలో ముగ్గురు పిల్లలు తల్లి పాడే సీత కథ విని కంటతడి పెట్టుకోవడం తోరు తర్వాత రాసిన ఒక పద్యానికి వస్తువు. ఆమె రాసేనాటికి ఆ ముగ్గురిలో ఇద్దరు లేరు.

ఉత్తరాలకూ ఈ మలుపుకూ సంబంధం ఉందని నా నమ్మకం. పక్కింటి స్నేహితురాలికి వానాకాలం అంటే ఏమిటో, అమ్మమ్మ దేవుళ్లెవరో, ఈ కోర్టులో ఈ తీర్పు ఎందుకొచ్చిందో విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు. మేరీకి ప్రతిదీ చెప్పాలి. చెప్పాలంటే ముందు తను చూడాలి. అలా ఉత్తరం వెంట ఉత్తరంలో పరాయి మనిషికి తన ఊరిని వివరించే పనిలో తోరు తన ఊరిని కొత్తగా చూడడం నేర్చుకుంది. ఇంగ్లండు మీద బెంగ ఆమెకు చివరిదాకా తీరలేదు. చేతిలోని కలం మాత్రం మెల్లగా ఇంటి వైపు తిరిగింది. ఈ రెండూ ఒకే ఉత్తరంలో పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిలో ఒకటి నిజమని, రెండోది అబద్ధమని తేల్చే అవసరం మనకు లేదు.

చివరి వేసవి

ఫ్రెంచి రచయిత్రి క్లారిస్ బాదెర్ ప్రాచీన భారత స్త్రీల గురించి 1864లో ఒక పుస్తకం ప్రచురించింది. సీత, దమయంతి, సావిత్రి, శకుంతలల గురించి ఒక పారిస్ రచయిత్రి అంత గౌరవంగా రాయడం తోరును కదిలించింది. దాన్ని ఇంగ్లీషులోకి తేవడానికి అనుమతి కోరుతూ 1877 మొదట్లో ఫ్రెంచిలో ఉత్తరం రాసింది. బాదెర్ సంబరంగా జవాబిచ్చింది, ఫోటో పంపమంది. కలుసుకోని ఆ ఇద్దరి మధ్య ఆప్యాయంగా ఉత్తరాలు నడిచాయి.

1877 ఏప్రిల్‌లో యూరప్ ప్రయాణం కుదిరిందనుకున్నారు. క్షయ మళ్లీ అడ్డొచ్చింది. అక్కను తీసుకుపోయిన జబ్బే చెల్లెలినీ పట్టుకుంది. దగ్గు, జ్వరం, రక్తం పడడం. మేరీకి రాసిన చివరి ఉత్తరాలు పొట్టివైపోతాయి. మంచం మీద నుంచి రాసినవి. తన జబ్బు గురించి రాసేటప్పుడు ఆమె స్వరం తేలిగ్గా ఉంటుంది, అవతలి మనిషిని భయపెట్టకూడదన్న జాగ్రత్త తెలుస్తూనే ఉంటుంది. జులై తర్వాత ఉత్తరాలు లేవు. 1877 ఆగస్టు 30న తోరు దత్ కన్నుమూసింది. ఇరవై ఒక్క ఏళ్ల ఆరు నెలలు నిండడానికి నాలుగైదు రోజులు తక్కువ.

ఆ తర్వాత తండ్రి కూతురి కాగితాలు వెతికాడు. ఒక పూర్తి ఫ్రెంచి నవల బయటపడింది. ‘మద్మోజెల్ దార్వేర్ డైరీ’ అనే అర్థం వచ్చే పేరుతో, బాదెర్ ముందుమాటతో అది 1879లో పారిస్‌లో అచ్చయింది. ఇంగ్లీషులో మొదలుపెట్టిన ‘బియాంకా’ అనే నవల అసంపూర్తిగానే 1878లో పత్రికలో వచ్చింది. పురాణ గాథల పద్యాలు 1882లో లండన్‌లో, గాస్ పరిచయంతో పుస్తకమయ్యాయి. సావిత్రి, ప్రహ్లాదుడు, ఏకలవ్యుడు, మన శ్రవణకుమారుడు అందులో ఉన్నారు. బాల్యంలో తోబుట్టువులతో ఆడుకున్న సరుగుడు చెట్టు మీద రాసిన పద్యం కూడా ఉంది. ఇవాళ ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చే పద్యం అదే.

ఎడ్మండ్ గాస్ పేరు తెలుగువాళ్లకు మరో దారిలోనూ తెలుసు. 1879లో హైదరాబాదులో, ఒక బెంగాలీ ఇంట్లో పుట్టిన సరోజినీ చట్టోపాధ్యాయ ఇంగ్లండు వెళ్లి కవితలు చూపిస్తే, ఇంగ్లీషు పూలూ పిట్టలూ వదిలేసి నీ దేశం గురించి రాయమని సలహా ఇచ్చింది ఆయనే. 1912లో, అప్పటికి సరోజినీ నాయుడైన ఆమె ‘ది బర్డ్ ఆఫ్ టైమ్’కు పరిచయం రాసిందీ ఆయనే. సరోజినికి గాస్ చెప్పాల్సి వచ్చిన మాటను తోరు ఎవరూ చెప్పకుండానే కనుక్కుంది.

మేరీ మార్టిన్ ఆ కవర్ల కట్టను నాలుగు దశాబ్దాలకు పైగా దాచింది. హరిహర్ దాస్ అనే పరిశోధకుడు వాటిని సేకరించి 1921లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తోరు జీవితచరిత్రలో అచ్చువేశాడు. అందులో వినిపించేది ఒక వైపు గొంతే, మేరీ జవాబులు లేవు. అయినా తోరు ఏ ప్రశ్నకు బదులిస్తోందో, ఏ మాటకు నొచ్చుకుందో, దేనికి నవ్విందో చదువుతుంటే తెలిసిపోతుంది. తోరు పుస్తకాలకు పీఠికలు రాసిన గాస్, బాదెర్ ఇద్దరూ ఆమెను కళ్లతో చూడనివాళ్లు. ఉత్తరాలు దాచిన మేరీ ఆమెతో కలిసి తిరిగిన మనిషి. తోరు దత్ ఎలాంటి మనిషో తెలుసుకోవాలంటే గాస్ పరిచయం కన్నా ముందు మేరీ దాచిన కట్టనే నమ్మాలి.

వచ్చే సంచికలో: అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, రోజెల్ పట్టణం. పంటి డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్న శ్రీమతి కార్పెంటర్ ఒక పాత మిషనరీ పత్రిక తిరగేస్తోంది. భార్యను డాక్టరు చదివించాలని తపిస్తున్న ఒక మరాఠీ పోస్టల్ ఉద్యోగి సంగతి అందులో ఉంది. ఆమె ఇంటికెళ్లి కలం పట్టుకుంది. ఆనందీబాయి జోషి ఉత్తరాల కథ అక్కడ మొదలవుతుంది.